హైదరాబాద్‌లో ఫస్ట్ వార్‌గేమింగ్ టోర్నమెంట్: ఏ గేమ్ పట్టుకోవాలి, ఏ ఆర్మీ కొనాలి

వార్‌గేమింగ్ అంటే చిన్న చిన్న సైనికుల బొమ్మలు కొని, రంగులేసి, డైస్ వేస్తూ టేబుల్ మీద యుద్ధం ఆడే హాబీ. కొత్తగా ఈ హాబీలోకి వచ్చినోళ్లు టోర్నమెంట్ అనగానే ముందు అడిగేది ఒకటే, "ఏ ఆర్మీ స్ట్రాంగ్ అన్నా?" అని. నన్నడిగితే అది చివర్లో తేల్చుకునే సంగతి. దానికంటే ముందు ఏ గేమ్, ఎంత సైజు గేమ్, బొమ్మలు ఎక్కడ్నుంచి తెస్తారు అన్నవి తేలాలి, వీటన్నిటికంటే ముందు మీ ఇంటికి దగ్గర్లో ఉండి మీతో ఆడేవాడు ఏం ఆడుతున్నాడో తేలాలి. టోర్నమెంట్ ఒక్క ఆదివారమే, కానీ దానికి ముందు ప్రాక్టీస్ గేములు పడాలి కదా, ఎల్‌బీ నగర్‌లో ఉండేవాడు కొండాపూర్ వాడితో బుధవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక మూడు గంటల గేమ్ ఆడతా అంటే అది మాటల వరకే. అందుకే కింద చెప్పేదంతా ఈ లెక్కలో చూడండి: ఏ గేమ్ గొప్పది అని కాదు, ఈ సిటీలో ఉద్యోగం చేసుకుంటూ మీరు నిజంగా ఏ గేమ్‌కి రెడీ అయి వెళ్లగలరు అని.

చదివే ఓపిక లేనోళ్లకి నా ఓటు ముందే చెప్పేస్తా. ఫస్ట్ టోర్నమెంట్ అయితే కిల్ టీమ్, చిన్న స్క్వాడ్‌తో ఆడే గేమ్. మీ దగ్గర ఆల్రెడీ పెయింట్ అయిపోయిన పెద్ద ఆర్మీ ఉండి, నెలకి రెండు మూడు ఫుల్ గేములు పడుతున్నయ్ అంటేనే ఫార్టీకే, అంటే వార్‌హామర్ 40,000, 2000 పాయింట్లు (ప్రతి యూనిట్‌కి పాయింట్లలో ఒక విలువ ఉంటది, ఆర్మీ మొత్తం కలిపి అంత). పైసలు పెట్టలేను అనేవాళ్లకి వన్‌పేజ్‌రూల్స్, రూల్స్ ఫ్రీగా దొరికే గేమ్, అది కూడా ఎవరైనా నడిపిస్తుంటే. మిగతావి వీటి మధ్యలో ఎక్కడో పడతయ్.

ఫార్టీకే 2000 పాయింట్లు, అందరి కలా ఇదే

వార్‌హామర్ 40,000ని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు, ఫార్టీకే అంతే. 1987 నుంచి ఉన్న గేమ్, ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌లో ఉండే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లది, మినియేచర్స్ టోర్నమెంట్ అంటే ప్రపంచమంతా ముందు గుర్తొచ్చేది ఇదే. 2023లో వచ్చిన పదో ఎడిషన్ ప్రకారం చూస్తే స్టాండర్డ్ టోర్నమెంట్ సైజు 2000 పాయింట్లు, టేబుల్ 60 ఇంచులు బై 44 ఇంచులు, గేమ్‌లో అయిదు బ్యాటిల్ రౌండ్లు, దానికి టైమ్ మూడు గంటలు. ఒక్కరోజు టోర్నమెంట్ అంటే అలాంటి గేములు మూడు. లెక్కేసుకోండి, తొమ్మిది గంటల ఆట, మధ్యలో లంచ్, పెయిరింగ్స్ కోసం, అంటే ఎవరితో ఎవరో తేలేదాకా, వెయిటింగ్, "ఇది నీకు కనపడతలేదు, మధ్యలో గోడ ఉంది" అని చిన్న లొల్లి, పొద్దున తొమ్మిదిన్నరకి మొదలెడితే రాత్రి ఎనిమిదిన్నరకి బయటపడితే టైమ్‌కి అయిపోయినట్టే. మూడో గేమ్‌కి వచ్చేసరికి నడుము, పాదాలు, బుర్ర ఈ వరసలో పోతయ్. ఇది బెదిరించడానికి చెప్పట్లేదు, ఇష్టపడేవాళ్లకి అదే మజా, కాకపోతే జీవితంలో మొదటి ఫుల్ గేమే టోర్నమెంట్‌లో ఆడదాం అనుకునేవాళ్లు కనపడతారు, వాళ్ల కోసం.

స్కోరింగ్ తెలిస్తే ఎక్కడ కష్టపడాలో అర్థమయితది. పదో ఎడిషన్‌లో గేమ్‌కి మొత్తం 100 పాయింట్లు, అందులో ప్రైమరీ మిషన్‌కి (ఇద్దరికీ ఒకటే పెద్ద లక్ష్యం) 50, సెకండరీలకి (ఎవరికి వాళ్లకి ఉండే చిన్న లక్ష్యాలు) 40, మిగిలిన 10 ఆర్మీ మొత్తం పెయింట్ అయి ఉంటే ఊరికే వచ్చేస్తయ్, దాన్ని బ్యాటిల్ రెడీ అంటారు, అంటే రంగులు పడి బొమ్మ కింద ఉండే బేస్ మీద కూడా ఏదో ఒక టెక్స్చర్ ఉండాలి, ఆర్ట్ ఎగ్జిబిషన్ అవసరం లేదు. ఎదుటోడి ఆర్మీని చంపినందుకు విడిగా పాయింట్లేం రావు, కొన్ని మిషన్లలో తప్ప. టేబుల్ మీద మిగిలినోడు కాదు, ఆబ్జెక్టివ్ మీద, అంటే టేబుల్ మీద గుర్తు పెట్టిన చోట, నిలబడ్డోడు గెలుస్తాడు. కొత్తోళ్లు ఈ ఒక్క ముక్క పట్టుకుంటే రెండో రౌండ్‌కే సగం ఆర్మీ పోయిన గేమ్ కూడా గెలవొచ్చు. ఇక ఆ పది పాయింట్లు, అవి చాలామంది పట్టించుకోరు గానీ ఎనిమిది తొమ్మిది పాయింట్ల తేడాతో పోయే గేములు మస్తుంటయ్.

చెస్ క్లాక్ పెట్టే టోర్నమెంట్ అయితే మూడు గంటల్లో మీ వాటా గంటన్నర. వంద బొమ్మల ఆర్క్ (పచ్చ రాక్షసుల) ఆర్మీని గంటన్నరలో కదపగలరా? ఒక్కో బొమ్మని టేప్ పెట్టి కొలిచి జరపాలి, డైస్ గుప్పెళ్లు గుప్పెళ్లు వేయాలి, ఇరవై డైస్‌లో సిక్సులు ఏరుకోవాలి. క్లాక్ అయిపోయిందంటే ఇక మీరు సేవ్‌లు (దెబ్బ తప్పించుకునే డైస్) వేసుకుంటూ చూస్తూ కూర్చోవడమే.

వెయ్యి పాయింట్లు, కంబాట్ పాట్రోల్

వెయ్యి పాయింట్లకి రెండు గంటలు చాలు, సగం పైసలు, సగం పెయింటింగ్, కొత్తోళ్ల కోసం లోకల్‌గా పెట్టే ఈవెంట్లకి బాగా సరిపోయే సైజు. దీన్లో ఉన్న తలనొప్పి ఒక్కటే, ఈ గేమ్ బ్యాలెన్స్ అంతా 2000 చుట్టూ చేసి ఉంటది కాబట్టి వెయ్యికి వచ్చేసరికి ఎవడో ఒకడు రెండు పెద్ద నైట్లు, అంటే ట్యాంకుల్లాంటి భారీ రోబోలు, తెస్తాడు, మీ దగ్గర ట్యాంకులు పగలగొట్టే గన్ ఒక్కటే ఉంటది, అది మొదటి టర్న్‌లోనే పోతది, ఇక గేమ్ అక్కడితో ఖతం. టీవో, అంటే టోర్నమెంట్ నడిపేవాడు, ముందే "పెద్ద మోడల్స్ వద్దు" అని రూల్ పెడితే వెయ్యి పాయింట్లు చాలా మంచి ఎంపిక, రూల్ లేకపోతే కాదు.

కంబాట్ పాట్రోల్ అంటే ఒక డబ్బా కొంటే అందులో ఉన్నదే మీ ఆర్మీ, పాయింట్ల లెక్కే లేదు, రూల్స్ ఫ్రీ, గంటలో గేమ్ అయిపోతది. నేర్చుకోవడానికి సూపర్. టోర్నమెంట్‌కి మాత్రం నేను సిఫార్సు చేయను, డబ్బాల మధ్య బలం సమానంగా ఉండదు, మీరు నచ్చి కొన్న డబ్బా వీక్ అని తేలితే లిస్ట్ మార్చుకునే దారి కూడా లేదు.

కిల్ టీమ్ ఎందుకంటున్నా

అదే ఫార్టీకే లోకం, అవే బొమ్మలు, కానీ ఆర్మీ బదులు ఒక చిన్న స్క్వాడ్. స్పేస్ మెరైన్ (కవచం వేసుకున్న సూపర్ సోల్జర్లు) టీమ్ అయితే ఆరుగురు, గార్డ్ లాంటి మామూలు మనుషుల టీమ్ అయితే పది, అంతకు పైనే. ఇప్పుడున్న రూపం 2024 అక్టోబర్‌లో వచ్చింది. బోర్డు 30 ఇంచులు బై 22 ఇంచులు, అంటే టూ బీహెచ్‌కే ఇంట్లో నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ మీద బోర్డు పరిచాక చాయ్ కప్పులకి కూడా జాగా మిగులుతది. 60 బై 44 టేబుల్ ఇంట్లో పెట్టాలంటే ముందు ఇంట్లోవాళ్లతో ఒక మీటింగ్ కావాలి, ఆ మీటింగ్‌లో మీరు గెలవరు.

అసలు తేడా ఆడే తీరులో ఉంది. ఫార్టీకేలో మీ టర్న్ మొత్తం మీది, అరగంట పాటు మీరు కదిపి, కాల్చి, కొడతారు, ఎదుటోడు సేవ్‌లు వేసుకుంటూ ఫోన్ చూసుకుంటాడు. కిల్ టీమ్‌లో మీరొక మనిషిని కదిపితే తర్వాత వాడొక మనిషిని కదుపుతాడు, మళ్లీ మీరు, ఇట్లా ఒకటి విడిచి ఒకటి. ఒక్కో మనిషికి దాక్కోవాలా, కాల్పులకి దిగాలా అని ఆర్డర్ ఉంటది, దాక్కున్నోడు కవర్ వెనక ఉంటే వాణ్ని కాల్చలేరు, కానీ వాడూ మామూలుగా మిమ్మల్ని కాల్చలేడు. నాలుగు టర్నింగ్ పాయింట్లు, అంటే రౌండ్లు, అంతే గేమ్. బయటికి చూస్తే చిన్నదనిపిస్తది గానీ తప్పు చేస్తే దాచుకోవడానికి జాగా ఉండదు, ఆరుగురిలో ఒకడు పోయాడంటే టీమ్‌లో ఆరో వంతు పోయినట్టే. కొత్తోడికి అదే మంచిది, ఎక్కడ పోయిందో ఇంటికెళ్లే దారిలోనే అర్థమయితది. ఫార్టీకేలో ఓడిపోతే ఎందుకు ఓడిపోయామో రెండ్రోజులు ఆలోచించినా తెలీదు.

టైమ్ సంగతి. ఒక గేమ్‌కి గంటన్నర నుంచి రెండు గంటలు, మూడు గేములు పడినా సాయంత్రం ఆరింటికల్లా అయిపోతది. దానికంటే పెద్ద లాభం ప్రాక్టీస్‌లో, రెండు గంటల గేమ్ అంటే వీక్‌డే సాయంత్రం అవుద్ది, మధ్యలో ఎక్కడో కలుసుకుని ఆడేసి లాస్ట్ మెట్రో పట్టుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లకి తెలుసు, రెడ్ లైన్‌లో అమీర్‌పేట్ దాకా వచ్చి బ్లూ లైన్ మారాలి, ఆ జనంలో ఆరు బొమ్మలున్న టిఫిన్ బాక్స్ సైజు డబ్బా పట్టుకోవడం ఒక లెక్క, నలభై యాభై బొమ్మలూ రెండు ట్యాంకులూ ఉన్న సూట్‌కేసు పట్టుకోవడం ఇంకో లెక్క. అన్నట్టు హాబీ నైఫ్ బ్యాగులో మర్చిపోకండి, స్టేషన్‌లో స్కానర్ దగ్గర "ఇది బొమ్మలు కోసేది సార్" అని ఎక్స్‌ప్లెయిన్ చేస్తూ నిలబడాల్సొస్తది.

మైనస్‌లు లేవా అంటే ఉన్నయ్. ఒకటి, రూల్స్‌లో సందులు ఎక్కువ, ఎవరు ఎవరికి కనపడతారు, ఎవరు కవర్‌లో ఉన్నారు అన్నదాని మీదే గేమ్ నడుస్తది కాబట్టి రూల్స్ వచ్చినోడికీ రానోడికీ తేడా బాగా కొడతది. రెండు, పాత టీములని అఫీషియల్ టోర్నమెంట్ లిస్టులోంచి కొన్నాళ్లకి పక్కన పెడుతూ ఉంటారు, సెకండ్ హ్యాండ్‌లో చీప్‌గా వచ్చిందని తీసుకునే ముందు అది ఇంకా లిస్టులో ఉందా అని చూసుకోండి. లోకల్ టీవోలు చాలామంది పట్టించుకోరు గానీ అడగడం నయం. టీమ్ రూల్స్ కంపెనీ వాళ్లే ఫ్రీగా ఇస్తారు, కాబట్టి బొమ్మలు కొనకముందే ఐదారు టీములవి డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. నా మాటయితే ఫస్ట్ టీమ్‌గా స్పేస్ మెరైన్స్ తీసుకోండి, బొమ్మలు తక్కువ, దెబ్బలకి ఆగుతారు, రేపు ఫార్టీకేకి వెళ్లినా పనికొస్తారు.

స్పియర్‌హెడ్, వన్‌పేజ్‌రూల్స్, బోల్ట్ యాక్షన్

స్పియర్‌హెడ్ గురించి ఎక్కువ చెప్పను. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల ఫాంటసీ గేమ్ ఏజ్ ఆఫ్ సిగ్మార్ నాలుగో ఎడిషన్‌తో 2024లో వచ్చింది, కత్తులు, డ్రాగన్లు, దయ్యాలు ఇష్టపడేవాళ్లకి. డబ్బాలో ఉన్నదే ఆర్మీ, బోర్డు కిల్ టీమ్ సైజే, నాలుగు రౌండ్లు. కంబాట్ పాట్రోల్ ఎట్లా ఉండాల్సిందో ఇది అట్లా ఉంది అని నా ఫీలింగ్. మీ ఏరియాలో ఇద్దరు ఆడుతుంటే కళ్లు మూసుకుని దిగండి, లేకపోతే మీరే ఇంకొకణ్ని ఒప్పించి వాడితో డబ్బా కొనిపించాలి.

వన్‌పేజ్‌రూల్స్ వేరే దారి. వాళ్ల పెద్ద గేమ్ పేరు గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్, చిన్నది ఫైర్‌ఫైట్, బేసిక్ రూల్స్ ఫ్రీ, ఆర్మీ లిస్ట్ కట్టుకునే వెబ్ టూల్ ఫ్రీ, ఏ కంపెనీ బొమ్మలైనా పర్లేదు. ప్రతి యూనిట్‌కి క్వాలిటీ, డిఫెన్స్ అని రెండే నంబర్లు, అది చూసి డైస్ వేయడమే, ఇక్కడ కూడా ఒకటి విడిచి ఒకటి యూనిట్లు కదులుతయ్. రూల్స్ అరగంటలో వచ్చేస్తయ్. ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉన్నోళ్లకి దీనంత సుఖం ఇంకోటి లేదు. ఇబ్బంది ఏంటంటే జనం. వార్‌హామర్ అంటే వచ్చేవాళ్లు దీనికి రారు, "చూద్దాంలే" అంటారు. ఎవరైనా టీవో పెడుతున్నారంటే మాత్రం వదలకండి, ఎంట్రీ ఫీ తప్ప మీకు పోయేదేం లేదు.

బోల్ట్ యాక్షన్ రెండో ప్రపంచయుద్ధం గేమ్, వార్‌లార్డ్ గేమ్స్ వాళ్లది, 2024లో మూడో ఎడిషన్ వచ్చింది. ప్రతి యూనిట్‌కి ఒక డైస్ సంచిలో వేస్తారు, చెయ్యి పెట్టి ఒకటి తీస్తే ఏ రంగు వస్తే వాళ్లు ఒక యూనిట్‌కి ఆర్డర్ ఇస్తారు, మళ్లీ తీయాలి. వరసగా మూడు సార్లు ఎదుటోడి రంగే వచ్చిందంటే ఆ టెన్షన్ వేరే లెవెల్. హిస్టరీ పిచ్చి ఉన్న హైదరాబాదీకి దీన్లో ఒక స్పెషల్ సంగతి ఉంది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఒకటి ఉండేది, 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు, ఇప్పటికీ అదే పేరు. ఆ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ మలయాలో జపాన్ వాళ్లతో పోరాడింది, 1942 జనవరిలో స్లిమ్ రివర్ దగ్గర రాత్రిపూట వచ్చిన జపాన్ ట్యాంకులు వాళ్ల లైన్ల మధ్యలోంచి దూసుకెళ్లినయ్. బ్రిటిష్ కామన్వెల్త్ ఆర్మీ కింద ఇండియన్ సోల్జర్ల లిస్ట్ కట్టి దానికి హైదరాబాద్ రెజిమెంట్ అని పేరు పెట్టుకుంటే టేబుల్ మీద మీ ఆర్మీ చూసి ఆగనోడు ఉండడు. కానీ ఇది ప్రేమ ఉన్నోళ్ల గేమ్, మన సిటీలో అపోనెంట్ కావాలంటే చాలాసార్లు రెండు ఆర్మీలూ మీరే కొనాలి. ఫస్ట్ టోర్నమెంట్‌కి దీని మీద ఆశ పెట్టుకోవద్దు, రెండో గేమ్‌గా ఉంచుకోండి.

కొనాలా, తెప్పించాలా, ప్రింట్ చేయాలా

బయట దేశం నుంచి తెప్పించుకుంటే చీప్ అనే మాట పాతది. బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీ 2020 ఫిబ్రవరిలో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. మీ పార్సెల్ ఆ హెడ్ కింద పడితే దాని మీద ట్యాక్సులు, కొరియర్ వాడి హ్యాండ్లింగ్ చార్జీ కలిపి డబ్బా రేటుకి దగ్గర్లోకి వచ్చేస్తది. ఈ రేట్లు బడ్జెట్లలో మారుతుంటయ్ కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున ఉన్న రేటు చూసుకుని లెక్కేయండి. చాలావరకు ఇండియాలోనే స్టాక్ పెట్టుకుని అమ్మే షాపుల్లో కొంచెం ఎక్కువైనా కొనేయడం బెటర్, డబ్బా ఎక్కడో కస్టమ్స్‌లో ఆగిపోయి టోర్నమెంట్ డేట్ దాటిపోయే టెన్షన్ ఉండదు. ఫారిన్ నుంచి వచ్చే కజిన్ సూట్‌కేసులో చోటు దొరికితే అది వేరే విషయం, అది అందరికీ దొరికే అదృష్టం కాదు.

ప్రింట్ చేయిస్తే ఖర్చు ఎక్కడికో పడిపోతది. కానీ ముందు టీవోని అడగాలి. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల సొంత ఈవెంట్లలో వాళ్ల బొమ్మలే ఉండాలి, లోకల్‌గా టీవో ఇష్టం. ఎక్కువమంది ఒప్పుకుంటారు, కాకపోతే సైజు, బేస్ కరెక్ట్‌గా ఉండాలి, చూడగానే అది ఏంటో తెలియాలి. మూడు అడుగుల దూరం నుంచి "ఇది ఏ గన్?" అని అడగాల్సొస్తే అది ప్రాక్సీ (అసలు బొమ్మ బదులు పెట్టేది) కాదు, పజిల్. రెజిన్ ప్రింటర్ కొనాలనుకుంటే ఫ్లాట్‌లో వాసన సంగతి ఆలోచించుకోండి, బాల్కనీ లేదా గాలి ఆడే గది ఉండాలి, గట్టిపడని రెజిన్ చేతికి తగలకుండా నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇక్కడ కూడా చల్లగా అయితది కదా, రెజిన్ చల్లబడితే ప్రింట్లు ఫెయిల్ అయితయ్, ఆ రెండు నెలలు పగలు నడపడమే నయం. ఫిలమెంట్‌తో, అంటే పీఎల్ఏతో చేసిన టెర్రెయిన్ (టేబుల్ మీద పెట్టే గోడలు, బిల్డింగులు) ఎండాకాలం కార్లో పెట్టి మర్చిపోకండి, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతది, మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు ఆ వేడికి వచ్చేస్తది, తిరిగొచ్చేసరికి మీ కోట గోడలు వంగిపోయి ఉంటయ్.

ఇంకో దారి ఉంది, అప్పు. పాత ప్లేయర్ల దగ్గర వాడని ఆర్మీలు పడి ఉంటయ్, కొత్తోడు అడిగితే ఇస్తారు, నిజంగా ఇస్తారు. కొనే ముందు ఒక టోర్నమెంట్ అప్పు ఆర్మీతో ఆడటమే అన్నిటికంటే తెలివైన పని. షరతు ఒక్కటే, విరిగితే చెప్పి అతికించి ఇవ్వాలి.

రంగులు, మన వాతావరణం

ఇంపోర్టెడ్ వల్లేహో, సిటాడెల్ రంగులు బాగుంటయ్, కానీ మొత్తం సెట్ కొనక్కర్లేదు. బేస్‌లకీ, టెర్రెయిన్‌కీ కామెల్, ఫెవిక్రిల్ అక్రిలిక్స్ చాలు, కోఠీ, ఆబిడ్స్ వైపు స్టేషనరీ షాపుల్లో దొరుకుతయ్. బొమ్మల మీద మాత్రం మంచివి వాడండి, పిగ్మెంట్ తేడా ముఖం మీద తెలిసిపోతది. ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత) స్ప్రే వానాకాలంలో కొడితే గాలిలో తేమకి పైన గరుకుగా పొడిలా పడతది, జులై నుంచి సెప్టెంబర్ దాకా బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడుకోండి. ఎండాకాలం ఇంకో రకం పరేషాన్, మధ్యాహ్నం డాబా మీద స్ప్రే చేస్తే రంగు బొమ్మ దాకా వెళ్లేలోపే గాల్లోనే ఆరిపోతది. పొద్దున ఏడింటికి చేయండి.

పెయింటింగ్ టైమ్ తక్కువ ఉంటే నెక్రాన్లు, లోహపు అస్థిపంజరాల్లాంటి రోబోల ఆర్మీ, ఇంక మాట్లాడేదే లేదు. సిల్వర్ స్ప్రే, మీద నల్ల వాష్ (పలచటి రంగు), కళ్లకీ గన్నులకీ పచ్చ రంగు, బేస్ మీద ఇసుక, అయిపోయింది, పది పాయింట్లు మీవి.

ఇప్పుడు ఆర్మీ సంగతి

స్ట్రాంగ్ ఆర్మీ వెంట పడకండి అని ఎందుకంటానంటే పాయింట్లు మారుతూనే ఉంటయ్. యూనిట్ల పాయింట్లున్న ఫీల్డ్ మాన్యువల్ ఫ్రీ పీడీఎఫ్‌గా ఏడాదిలో చాలాసార్లు అప్‌డేట్ అయితది, దానితో పాటు బ్యాలెన్స్ మార్పులు. అసలు ఎడిషనే 2017, 2020, 2023 అని మూడేళ్లకోసారి మారుకుంటూ వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి గంటసేపు పెయింట్ చేసుకునేవాడు 2000 పాయింట్లు పూర్తి చేసేలోపు ఆ స్ట్రాంగ్ ఆర్మీని కంపెనీ వాడు ఎప్పుడో నేలకి దించేసి ఉంటాడు. మీకు చూడగానే నచ్చిన బొమ్మలు కొనండి, అందులో పని తక్కువ ఉన్నది ఎంచుకోండి.

పని తక్కువ అంటే కస్టోడెస్, బంగారు కవచాల యోధుల ఆర్మీ, రెండు డజన్ల చుట్టూ బొమ్మలతో 2000 అయిపోతది, గట్టిగా నిలబడతారు, తప్పులు క్షమిస్తారు. స్పేస్ మెరైన్లు ఎప్పుడూ సేఫ్, సెకండ్ హ్యాండ్‌లో దొరకడం ఈజీ, తిరిగి అమ్మడం కూడా ఈజీ. ఆర్క్‌లు, టిరానిడ్లు (పురుగుల్లాంటి ఏలియన్లు), గార్డ్‌ల దాంట్లో వంద బొమ్మల లిస్టుల జోలికి ఇప్పుడే వెళ్లకండి, క్లాక్ గురించి పైన చెప్పా కదా. నైట్స్ టెంప్టింగ్‌గా ఉంటయ్, పది లోపు బొమ్మలు, పెయింట్ చేయడానికి పెద్దగా బాగుంటయ్, కానీ గేమ్ మొత్తం ఎదుటోడు ఏం తెచ్చాడన్న దాని మీదే ఆధారపడతది, వాడి దగ్గర ట్యాంకులు పగలగొట్టే గన్నులు ఉంటే మీరు పోయారు, లేకపోతే వాడు పోయాడు, మధ్యలో మీరు నేర్చుకునేది తక్కువ. పైగా నైట్స్ ప్లేయర్‌తో ప్రాక్టీస్ అంటే జనం రెండోసారి పిలవరు, నేనైతే పిలవను.

ఒక్క ప్లాన్ మీద నడిచే లిస్టుల గురించి కూడా చెప్పాలి. ఆకాశంలోంచి దిగి చార్జ్ చేసే, అంటే పరుగెత్తి మీదపడే, యూనిట్లు వీడియోల్లో చూడటానికి బాగుంటయ్. పదో ఎడిషన్‌లో మామూలుగా శత్రువుకి 9 ఇంచుల అవతలే దిగాలి, అంటే చార్జ్‌కి రెండు డైస్ మీద 9 లేదా పైన రావాలి, 36లో 10 చాన్సులే, 28 శాతం. ఒక కమాండ్ పాయింట్ (స్పెషల్ ఎత్తులకి ఖర్చు పెట్టేది) పెట్టి రీరోల్ చేసినా 48 దగ్గరే ఆగుతది. అంటే సగంసార్లకంటే ఎక్కువే మీ ఖరీదైన యూనిట్ ఓపెన్‌లో నిలబడి తన్నులు తింటది. అదే నడిచి దగ్గరికెళ్లి 7 ఇంచుల చార్జ్ చేస్తే రీరోల్ లేకుండానే 58 శాతం. మొత్తం ప్లాన్ 28 శాతం మీద పెట్టుకున్న లిస్ట్ ఎవరైనా మీకు పంపితే థాంక్స్ చెప్పి పక్కన పెట్టండి.

ఎంతమంది వస్తున్నారు అన్నది కూడా చూడండి

పెయిరింగ్స్ స్విస్ పద్ధతిలో ఉంటయ్, గెలిచినోడు గెలిచినోడితో, ఓడినోడు ఓడినోడితో, ఎవరూ మధ్యలో ఇంటికి పోరు. ఎనిమిది మంది వస్తే మూడు గేముల తర్వాత ఓడని వాడు ఒక్కడే మిగులుతాడు, తేలిపోతది. పదహారు మంది వచ్చి గేములు మూడే అయితే ఓడనోళ్లు ఇద్దరు మిగులుతారు, అప్పుడు ఎవరు ఎక్కువ స్కోర్ చేశారన్న దాని మీద తేలుస్తారు, కాబట్టి అలాంటి చోట గెలిచే గేమ్‌లో కూడా ఆఖరి టర్న్ దాకా పాయింట్లు ఏరుకోవాలి. మొదటి గేమ్ ఓడిపోతే కంగారుపడొద్దు, రెండో గేమ్‌లో మీలాంటోడే వస్తాడు, ఫస్ట్ టైమర్లకి అసలైన టోర్నమెంట్ అక్కడ మొదలయితది. బేసి సంఖ్య వస్తే ఒకడికి బై పడతది, ఖాళీగా కూర్చోవాలి, సిటీ ఇంకో మూల నుంచి వచ్చినోడికి అది చిరాకే, మంచి టీవో అయితే తనే ఆర్మీ తెచ్చి దిగుతాడు.

బెంగళూరు వైపు రెండ్రోజుల పెద్ద టోర్నమెంట్ పడితే వెళ్లాలా అంటే, అయిదు గేములు ఆడే ఒంట్లో ఓపిక ఉంటే వెళ్లండి, కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందే భారత్ ఉంది, బొమ్మల పెట్టె పైన ర్యాక్‌లో పెట్టకుండా కాళ్ల దగ్గర పెట్టుకోండి. కానీ ఫస్ట్ టైమే అక్కడికి వద్దు. ఇక్కడ ఎనిమిది మందిలో ఆడి, మూడో గేమ్ దాకా బుర్ర పని చేస్తుందో లేదో చూసుకున్నాక.

ఎంట్రీ ఫీ పంపే ముందు టీవోకి మెసేజ్ పెట్టి ఇవి అడగండి: ప్రింటెడ్ బొమ్మలు, ప్రాక్సీలు ఓకేనా, పెయింట్ లేకపోతే ఆడనివ్వరా లేక పది పాయింట్లు పోతయా, చెస్ క్లాక్ ఉందా, లిస్ట్ ఏ రోజులోపు పంపాలి, ఆ తర్వాత వచ్చిన రూల్స్ అప్‌డేట్ లెక్కలోకి తీసుకుంటారా. ఆఖరిది చాలామంది అడగరు, సరిగ్గా టోర్నమెంట్‌కి నాలుగు రోజుల ముందు పాయింట్లు మారితే మీ 2000 కాస్తా 2015 అయి కూర్చుంటది, శనివారం రాత్రి కూర్చుని ఎవణ్ని తీసేయాలా అని చూసుకోవాల్సొస్తది. టేబుళ్లు ఏసీ హాల్లోనా, ఫ్యాన్ల కిందా అని కూడా అడగండి, ఏప్రిల్ అయితే తప్పకుండా.